పద్నాలుగు దారాలు

ఆ పెట్టెలో మొట్టమొదట పడ్డవి చాప్‌స్టిక్కులు. మా ఇంటా వంటా లేని వస్తువు. మేం బర్మా కొండల కరెన్ జాతివాళ్ళం, అన్నం చేత్తో తింటాం, మరీ నాగరికం అనిపించుకోవాలంటే చెంచాతో తింటాం. వాటి పక్కన ఒక కాగితపు విసనకర్ర, థాయ్‌లాండు విమానాశ్రయంలో ఎవరో కొన్న ఏనుగు బొమ్మ. పెట్టె మూత మీద 'బర్మా నుంచి వచ్చిన మన పొరుగువారు' అని రంగు కాగితం అతికించారు. నాలుగో తరగతి టీచరు మార్లిస్ దాన్ని నా ముందుకు జరిపి, ఎలా ఉందో నిజం చెప్పమంది. చాలా బాగుందన్నాను. ఆ వేసవిలో నేను ఆడిన అబద్ధాల్లో అది మొదటిది, అన్నిటికన్నా చిన్నది.

దక్షిణ డకోటాలో మా ఊరు టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీ మీద బతుకుతుంది. ఆ కోళ్ళు కోసేది శరణార్థి శిబిరాల నుంచి వచ్చిన మేము. పదేళ్ళు తిరక్కుండా బడి పిల్లల్లో మూడో వంతు మావాళ్ళే అయ్యారు. టీచర్లు మాత్రం పాతవాళ్ళే, నార్వే నుంచి వచ్చిన ముత్తాతల ఇంటిపేర్లు మోసేవాళ్ళు. పిల్లలు వీళ్ళకి అర్థం కారు, వీళ్ళు పిల్లలకి అర్థం కారు. అందుకని ఆ జూన్‌లో యూనివర్సిటీ వాళ్ళు గ్రెచెన్ అనే ఆవిడని పంపారు. టీచర్లు తమ తరగతి గదిలోకి ప్రపంచాన్ని ఎలా తీసుకురావాలో ఆరు వారాల పాటు నేర్పడం ఆవిడ పని. చివరికి ప్రతి టీచరూ ఒక దేశం పెట్టె తయారు చెయ్యాలి. ఆ పెట్టె ఏడాది పొడుగునా జిల్లాలో బళ్ళన్నీ తిరుగుతుంది.

నేను ఆ బళ్ళో సహాయకురాలిని. అంటే జిరాక్సులు తీస్తాను, చీమిడి ముక్కులు తుడుస్తాను, ఒళ్ళు కాలుతున్న పిల్ల ఇంటికి ఫోను చేసి మా భాషలో చెబుతాను. శిబిరంలో ఉండగా ఇలా కాదు. వెదురు తడికల బడిలో డెబ్భై మంది పిల్లలకు ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. మాలో పంతులమ్మని థరామూ అంటారు. థరామూ ఎదురైతే ముసలివాళ్ళు కూడా దారి ఇస్తారు, పేరు పెట్టి పిలవరు, ఏకవచనం వాడరు. శిబిరం మొత్తం మీద నన్ను ఆ మాట అనని మనిషి మా అమ్మ ఒక్కతే. "నా కడుపున పుట్టినదానివి, నాకేం థరామూవే" అని నవ్వి, లా సే అనే పిలిచేది. డకోటాలో దిగాక మిగతావాళ్ళూ ఆ మాట మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

గ్రెచెన్ నన్ను ఆ శిక్షణకి 'సంస్కృతి సలహాదారు'గా పెట్టుకుంది. పని బాగా చేస్తే యూనివర్సిటీలో టీచరు లైసెన్సు చదువుకి సీటు కోసం తను ఉత్తరం రాస్తానంది. ఆ ఉత్తరం కోసం నేను ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా.

మొదటి వారం నా చేత తల్లి వేషం వేయించారు. టీచరు ఒకవైపు, ఇంగ్లీషు రాని తల్లి ఒకవైపు, మధ్యలో దుబాసీ. గ్రెచెన్ సూత్రాలు చెప్పింది. దుబాసీ మొహం చూడకండి, తల్లి మొహం చూడండి. చిన్న చిన్న మాటలు వాడండి. చేత్తో సైగ చెయ్యండి. మీరు తనతోనే మాట్లాడుతున్నారని ఆమెకి తెలియాలి. అందరిలోకీ మార్లిస్ బాగా చేసింది. నా కళ్ళలోకి చూస్తూ "జ్వరం. ఇంటికి. రేపు రావద్దు" అని ఒక్కొక్క మాటా విడదీసి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మార్లిస్ చెడ్డ మనిషయితే ఈ కథ చెప్పడం ఎంత తేలికయ్యేదో. యాభై ఆరేళ్ళు, ఇద్దరు మనవలు. మేం వచ్చిన మొదటి చలికాలం మా అమ్మకి కోటు తెచ్చి ఇచ్చింది. నాకు కారు నడపడం నేర్పింది. నా మొగుడు తూ గే నేర్పడం మొదలుపెట్టి రెండో రోజే దణ్ణం పెట్టి దిగిపోతే, మార్లిస్ పక్క సీట్లో కూర్చుని పద్దెనిమిది రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. అలాంటి మనిషి నా దగ్గరికి వచ్చి, "ఈ ఏనుగూ అవీ నాకూ నచ్చలేదు లా సే. నిజమైనది ఒక్కటి కావాలి. పిల్లలు చూసి నోళ్ళు తెరవాలి" అంది. గ్రెచెన్ పక్కనే ఉంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, మా ఇంట్లో ఉంది అన్నాను.

ఉంది నిజమే. అది నాది కాదు.

మా అమ్మ మంచం కింద ఒక బియ్యం సంచీ ఉండేది. అందులో మా చెల్లెలు మూ వా తెల్ల అంగీ. మాలో పెళ్ళి కాని పిల్లలు మడమల దాకా తెల్ల అంగీ తొడుక్కుంటారు. పెళ్ళినాడు అది విప్పి ఎర్ర పావడా కట్టి, నల్ల చొక్కా తొడుగుతారు. ఆ తర్వాత జన్మలో మళ్ళీ తెలుపు తొడగరు. ఆ అంగీని మా అమ్మ నడుముకి మగ్గం పట్టీ బిగించుకుని నలభై రోజులు కూర్చుని నేసింది. మూ వా దాన్ని కొత్త సంవత్సరం పండక్కి ఒక్కసారి తొడుక్కుంది. ఊళ్ళో మిగిలిపోయిన మా మామ్మని తీసుకొస్తానని పంతొమ్మిదో ఏట థాయ్‌లాండు శిబిరం నుంచి నది దాటి వెనక్కి బర్మాకి వెళ్ళింది. అప్పటికే సైన్యం ఊరు తగలబెట్టిందని తర్వాత తెలిసింది. మామ్మా రాలేదు, మూ వా రాలేదు. చచ్చిపోయిందన్న మాట ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి మా అమ్మ నమ్మలేదు.

ఏటా ఆగస్టు పున్నమికి మేం చేతులకి తెల్ల దారాలు కట్టుకుంటాం. ప్రతి మనిషినీ అంటిపెట్టుకుని క్లా అని ఆత్మలాంటిది ఒకటి ఉంటుంది. భయపడినా, ఊరు విడిచినా అది తప్పిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు గరిటెతో బల్ల మీద కొట్టి, పేరు పెట్టి పిలిచి, మణికట్టుకి దారం కట్టి దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. పేరు పెట్టకపోతే అది ఎవరింటికని వస్తుంది? మూ వా చెయ్యి లేదు గనక, మా అమ్మ ఆ దారాన్ని అంగీకి కుడి చంక దగ్గర వేలాడే ఎర్ర కుచ్చుకి కట్టేది. అలా పద్నాలుగు దారాలయ్యాయి. మొదటివి నల్లబడి మట్టి రంగుకి తిరిగాయి. ఆ అంగీని ఎన్నడూ ఉతకలేదు.

అంగీ అడిగినప్పుడు మా అమ్మ ఆవకూర తుంచుతోంది. ఆమె నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో కదిలే పట్టా మీద వచ్చే కోడిముక్కలు ఏరుతూ నిలబడి, భుజం పడిపోయి మానేసింది. ఆ నాలుగేళ్ళలో నేర్చుకున్న ఇంగ్లీషు రెండే మాటలు. మంచి ముక్క వస్తే 'కీప్', పాడైంది వస్తే 'త్రో'. ఇంట్లో అన్నిటికీ అవే వాడేది. ఆవకూరలో పండుటాకు త్రో. కరెంటు బిల్లు కీప్. తూ గే వేసే జోకులు త్రో.

నేను చెప్పిందంతా విని, ఆకులు తుంచడం ఆపకుండా, "అది పెట్టెలో పెట్టి ఊళ్ళు తిప్పే వస్తువా?" అంది.

"ఒక్క నెల అమ్మా. అద్దాల పెట్టెలో పెడతారు. ఎవరూ ముట్టుకోరు." అద్దాల సంగతి ఎవరూ నాతో అనలేదు. నోటికొచ్చింది, అనేశాను.

"ఎందుకే వాళ్ళకి?"

"మనం ఎవరమో తెల్లవాళ్ళ పిల్లలకి తెలియడానికి."

మా అమ్మ లేచింది. కూర కడిగి వచ్చి, మంచం కిందికి వంగి సంచీ లాగింది. అంగీ తీసి ఒళ్ళో పరుచుకుని, దారాలు ఒక్కొక్కటే వేలితో తడిమింది. లెక్కపెడుతోందనుకున్నాను. పేర్లు చెబుతోంది. ఒక్కటే పేరు, పద్నాలుగు సార్లు.

"రెండు మాటలు. దాని పేరు చెప్పాలి. అంతమంది పిల్లలు నోరారా మూ వా అంటే, అది ఎక్కడున్నా వినబడుతుందేమో. రెండోది, ఈ దారాల జోలికి పోకూడదు. నువ్వు ఉంటావుగా అక్కడ?"

ఉంటానన్నాను. చేతిలో చెయ్యేసి మరీ చెప్పాను.

మర్నాడు వస్తువు పక్కన పెట్టే కార్డు రాశాను. 'ఈ అంగీ మా చెల్లెలు మూ వాది. మా అమ్మ నేసింది. మూ వా పంతొమ్మిదో ఏట నది దాటి వెళ్ళి తిరిగి రాలేదు' అని మొదలుపెట్టి, దారాల సంగతి ఇంకా రాయకముందే గ్రెచెన్ కి చూపించాను. ఆవిడ కళ్ళు తడయ్యాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెన్ను తీసింది.

"చాలా గొప్పగా ఉంది లా సే. కాకపోతే చదివేది తొమ్మిదేళ్ళ పిల్లలు కదా. మొదటి ఏడాది ఆనందం ఉంచుదాం, బాధలు వచ్చే ఏడాది. 'మా చెల్లెలు మూ వా' బదులు 'ఒక కరెన్ అమ్మాయి' అంటే ఎలా ఉంటుంది? అప్పుడు అది అందరిదీ అవుతుంది."

బాగానే ఉంటుందన్నాను. ఆవిడ కొట్టేసి రాసింది. తెలుపు పెళ్ళి కాని పిల్లలది, ఎరుపు ధైర్యం, నేత చేత్తో, ఇంతే మిగిలింది. ఇంకేమైనా చేర్చాలా అని అడిగింది. ఆవిడ మోచేతి కింద యూనివర్సిటీ ముద్ర ఉన్న తెల్ల కాగితాలు కనిపిస్తున్నాయి. దారాల మాట ఎత్తితే నది, సైన్యం, తగలబడిన ఊరు అన్నీ మళ్ళీ లేస్తాయి. పెట్టెలోంచి అంగీనే తీసేస్తారేమో. అంగీతో పాటు ఆ ఉత్తరం కూడా.

"ఏమీ లేదండీ" అన్నాను.

జులై ఆఖరి శుక్రవారం బడి లైబ్రరీలో సభ. టీచర్లు తమ పెట్టెలు చూపిస్తారు, తల్లిదండ్రులూ రావాలి. మా అమ్మ తన ఎర్ర పావడా, తెల్ల గింజలు కుట్టిన నల్ల చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని తయారైంది. దారంతా కారులో తూ గేని ఆటపట్టిస్తూనే ఉంది. మొదటి వరసలో కూర్చోబెట్టాను. అద్దాల పెట్టె ఏదని అడిగితే, లోపల ఉందన్నాను.

మార్లిస్ అంగీ తొడుక్కుని వచ్చింది.

జీన్స్ మీదుగా తొడుక్కుంది. పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఈవిడకి మనవలున్నారన్నావు కదే. పాపం, ఇంకా సంబంధం కుదరలేదా?" అంది నా చెవిలో.

ఏమంటోందని మార్లిస్ సైగ చేసింది. అంగీ మీకు బాగా నప్పిందంటోంది అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తప్పుని మా అమ్మ అక్కడికక్కడే క్షమించేసింది. తెలియక చేసిన తప్పు ఆమెకి ఎప్పుడూ నవ్వులాటే.

మార్లిస్ కార్డు చదవడం మొదలుపెట్టింది. మా అమ్మ ముందుకు వంగి, ఒక్క మాట కోసం చెవి పెట్టుకుని కూర్చుంది. కార్డు అయిపోయింది. "పేరు ఎప్పుడు చెబుతారు?" అంది.

"చెప్పారమ్మా. వాళ్ళ నోట సరిగ్గా పలకలేదు. అందుకే నీకు తెలియలేదు."

"ఓహో" అని వెనక్కి ఆనుకుంది. తనలో తనే రెండుసార్లు ఆ పేరు ఇంగ్లీషు యాసలో పలికి చూసుకుంది.

సభ అయ్యాక మార్లిస్ అంగీ విప్పి, చేతుల మీద పరుచుకుని మా దగ్గరికి తెచ్చింది. పొగడ్త కోసం ఎదురుచూస్తున్న పిల్లలాగే ఉంది. మా అమ్మ ముందు వాసన చూసింది. సబ్బు వాసన నాకూ తగిలింది. అంగీ తెల్లగా మెరుస్తోంది, మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఉంది. మా అమ్మ చెయ్యి కుడి చంక దగ్గరికి పోయింది. ఎర్ర కుచ్చు శుభ్రంగా దువ్వినట్టుంది. ఇంకేం లేదు. ఎడమ వైపు తిప్పి చూసింది. మళ్ళీ కుడి వైపు చూసింది.

"దారాలేవని అడుగు."

అడిగాను. మార్లిస్ నాకు జవాబు చెప్పబోయి, ఆగింది. నేర్చుకున్నది గుర్తొచ్చింది. నా మీంచి చూపు తిప్పి, మా అమ్మ ఎదురుగా వంగి, సూటిగా ఆమె కళ్ళలోకి చూసింది. నవ్వుతూ, కుచ్చు చూపించి, వేళ్ళతో కత్తెర ఆడించి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"పాతవి. మురికి. త్రో."

నేను అప్పటికే మా భాషలో మాట్లాడేస్తున్నాను. భద్రంగా తీసి ఇంట్లో పెట్టిందట అమ్మా, రేపు తెచ్చి ఇస్తుందట. ఆ ఆఖరి మాట అమ్మకి వచ్చని, నా మాట పూర్తయ్యాక గానీ నాకు తెలిసిరాలేదు.

మా అమ్మ మార్లిస్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. కోపం ఉన్నా భరించేదాన్ని. పట్టా మీద వచ్చిన ముక్కని చూసినట్టు చూసింది. తర్వాత మార్లిస్ చేతుల్లోంచి అంగీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టింది. మార్లిస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"కీప్" అంది.

మార్లిస్‌కి ఏడుపు ఆగలేదు. మా అమ్మని వాటేసుకుంది. తనతో మా అమ్మ ఇంగ్లీషులో అన్న మొదటి మాట అదేనని గ్రెచెన్ తో చెప్పింది. గ్రెచెన్ ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ శిక్షణ పుస్తకం అట్ట మీద ఉంది.

మర్నాడు పొద్దున్నే మార్లిస్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చెత్త డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. వాళ్ళ వీధికి చెత్త బండి గురువారం వస్తుంది. ఆమె మొక్కలకి నీళ్ళు పోస్తూ, ఏంటి ఇలా వచ్చావంది. థాంక్స్ చెబుదామని వచ్చానన్నాను. దారాల సంగతి ఆమెకి ఆనాడు చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేదు. చెబితే ఆమె గుండె పగులుతుంది. అలాగని ఆమె మీద జాలితో దాచానని అనుకోకండి. చెబితే మిగతాది కూడా చెప్పాలి.

ఇంట్లో మా అమ్మ ఆ విషయం ఎత్తలేదు. నేను ఏడ్చి కాళ్ళ మీద పడదామని రెండుసార్లు ఆమె గదిలోకి వెళ్ళాను. రెండుసార్లూ అన్నం తిన్నావా అన్నట్టు చూసి, పక్కకి జరిగి చోటిచ్చింది. తిట్టే మనిషికి క్షమాపణ చెప్పుకోవచ్చు. చోటిచ్చే మనిషికి ఏం చెప్పుకుంటాం? మంచం కింద సంచీ లేదు. దాంట్లో బియ్యం పోసి వంటింట్లో పెట్టుకుంది.

ఆగస్టు రెండో వారంలో గ్రెచెన్ ఉత్తరం వచ్చింది. రెండు సంస్కృతుల మధ్య నేను వంతెననని రాసింది. సీటు వచ్చింది. తూ గే దాన్ని చుట్టుపక్కల మావాళ్ళందరికీ చూపించాడు. వాళ్ళంతా పున్నమి నాడు దారాలకి మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నన్ను థరామూ అని పిలిచారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట విన్నాను. నా ఒళ్ళు పులకరించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే పులకరించింది.

మా అమ్మ బల్ల మీద నీళ్ళు, అన్నం ముద్దలు, అరటిపళ్ళు, చెరుకు ముక్కలు పెట్టి, గరిటెతో కొట్టి పిలవడం మొదలుపెట్టింది. అడవిలో ఉన్నా రా, నదిలో ఉన్నా రా, శిబిరంలో ఉన్నా రా, కోళ్ళ ఫ్యాక్టరీ చలిగదిలో ఉన్నా రా. వచ్చినవాళ్ళకి ఒక్కొక్కరికీ పేరు పెట్టి దారం కట్టింది. తూ గే పేరు చెప్పి కట్టి, నీ జోకుల క్లా మాత్రం రానక్కర్లేదంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఒక దారం తుంచి, కాసేపు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. కట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. మూ వా, మూ వా, మూ వా అని మూడుసార్లు పిలిచి, పంటితో బిగించి తన మణికట్టుకే కట్టుకుంది.

ఆఖరున నా వంతు. నేను వెళ్ళి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ ఆమె నా పేరు పిలిచే తీరు వేరు, లా దగ్గర కాస్త సాగదీసి, సే దగ్గర టక్కున ఆపేది. దానికోసం చూస్తున్నాను. ఆమె దారం సవరించుకుంది. గరిటె బల్ల మీద మూడుసార్లు కొట్టింది. ఏ పేరూ పిలవలేదు. నా కళ్ళలోకి చూసి, పరాయి ఇంటి పెద్దమనిషితో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా అంది.

"చెయ్యి ఇలా ఇవ్వండి, థరామూ."

ఇచ్చాను.